పడుగంత దూరం

అక్కా,

చెల్లెలు సుంకమ్మ నమస్కారాలు. ఎమ్మిగనూరులో మేమిద్దరం క్షేమం. అంటే జ్వరం లేదు, దగ్గు లేదు. మిగతా బాధలన్నీ ఉన్నాయి. మీరంతా ఎలా ఉన్నారు? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నా గురించి దిగులు పడొద్దు, బాగానే ఉన్నాను. ఫోన్లో డబ్బులు అయిపోయాయి, రీచార్జి అంగడి మూసేశారు. అందుకే మనూరి టమాటాల బండి డ్రైవరు చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

అదే బండిలో నన్ను వచ్చేయమని నువ్వు కబురు పెట్టావు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తుగ్గలి దాకా తెస్తానని డ్రైవరు కూడా ఒప్పుకున్నాడు. రావాలని ఎంత ఉందో చెప్పలేను. మీ మరిది పనిచేసే హోటలు లాక్‌డౌన్‌లో మూతపడింది. ఆయన పొద్దస్తమానం గోడకు ఆనుకుని ఆవలిస్తుంటాడు. ఎవరూ రాకుండా వీధికి రెండు కొసలా అడ్డంగా కర్రలు కట్టేశారు. ఎండలు మండిపోతున్నాయి, మాది చూస్తే రేకుల ఇల్లు. జొన్నపిండి దొరకదు, అన్నం తిని తిని నోరు చప్పబడింది. పలకరించే దిక్కు లేదని ఇదివరకు ఏడ్చేదాన్ని. ఇప్పుడు దొరికింది, అదే నా ఖర్మ.

పక్కింటి తిప్పమ్మవ్వ గురించి చెప్తున్నాను. మగ్గం నేసేవాళ్లు. అవ్వ, కళ్లు సరిగ్గా కనపడని తాత. కొడుకూ కోడలూ ఆదోనికి, కోడలి పుట్టింటికి పోయి అక్కడే చిక్కుబడ్డారు. బస్సెక్కితే ఎంతసేపు? అయినా ఇప్పుడు ఆదోని కూడా దుబాయంత దూరమైంది.

మేం వచ్చిన కొత్తలోనే నాకూ ఆమెకూ చెడింది. వీళ్లు నూలును మగ్గానికి ఎక్కించే ముందు, ఆ పోగులన్నీ వీధి పొడవునా లాగి కట్టి, గంజి పూసి ఆరబెడతారు. దాన్ని పడుగు అంటారు. నాకేం తెలుసు? తెల్లారగానే మనూళ్లో మాదిరి పేడ కలిపి వాకిట్లో కల్లాపి చల్లాను. సగం పోయి పడుగు మీద పడింది.

"కండ్లు యాడ పెట్టుకోనుండావే? పడుగు మీద పేడనీళ్లు సల్లేదాన్ని ఇంతవరకూ సూడలే!" అని అవ్వ వీధంతా వినేట్టు తిట్టింది. అప్పటి నుంచి నాకు పేరు లేదు, 'తుగ్గలిదానా' అనే పిలుస్తుంది.

ఆ అవ్వే మొన్న మా గడపలో నిలబడింది. "తుగ్గలిదానా, పడుగు సెయ్యాల. సేతులు సాలవు. నీ మొగుణ్ణి పిల్సుకోని రా."

అడగడం కాదు, హుకుం. వాళ్లింట్లో మిగిలిన నూలు అదొక్కటే. అది చీరలు కాకపోతే వాళ్ల పొయ్యి వెలగదు. ఎప్పుడూ సాయానికొచ్చే చుట్టాలు కర్రలకు అవతల ఉండిపోయారు. పళ్లు కొరుక్కుంటూ పోయాను.

చూస్తే పడుగు కట్టే గుంజలు లేవు. పోలీసులు వాటినే పెరికి వీధికి అడ్డం కట్టేశారు! చేసేది లేక ఒక కొస తాడు అవ్వ, ఇంకో కొస తాడు నేను బిగించి పట్టుకున్నాం. తడి మీద సడలితే పోగులు అంటుకుని పడుగంతా పాడవుతుందట. నడుమ తాతా, మీ మరిదీ కుంచెలతో గంజి పూస్తున్నారు. అంతలో పోలీసు ఈల వినిపించింది. మీ మరిది తాతను లాక్కుని ఇంట్లోకి దూరాడు. ఎంత ధైర్యవంతుడికి నన్ను కట్టబెట్టారో చూడు!

పోలీసాయన లాఠీతో నేల మీద కొట్టాడు. "గుంపు కూడొద్దని సెప్తే ఇనపడదా? మనిషికీ మనిషికీ దూరం ఉండాలని తెల్దా?"

అరచేతులు తాడుకు కోసుకుపోతున్నాయి. అందరి మీదా మంటగా ఉంది.

"సూడు సారూ! ఆ కొసకు అవ్వ, ఈ కొసకు నేను. నడుమ పడుగంత దూరముండాది. అంగళ్ల ముందర మీరు గీసిన సున్నాలకైనా ఇంత దూరముండాదా? కొట్టేదుంటే కొట్టు, తాడు మాత్రం ఇడిసేది లేదు."

ఆయన ఆ కొస చూశాడు, ఈ కొస చూశాడు. "ఆరినెంక లోపలికి పోండి" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇంత చేస్తే అవ్వ ఏమందో తెలుసా? "నీ పక్క దించినావు. ఈడ పోగులు అంటుకున్యాయి సూడు" అంది. నా బొబ్బలు మాత్రం చూడలేదు. ఏడుపొచ్చేసింది అక్కా. ఇంటికొచ్చి బట్టలు మూట కట్టేశాను.

నిన్న సాయంత్రం నూలు కండెలు చుట్టమని పిలవడానికి అవ్వ వచ్చి, గడప దగ్గర మూట చూసింది. తిడుతుందని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమేమో తల వంచుకుని వెనక్కి పోయింది. కాసేపటికి గోడ అవతల మగ్గం నాలుగు దెబ్బలు ఆడి ఆగింది. మళ్లీ ఆడింది, మళ్లీ ఆగింది. పోగు తెగితే తాతకు కనపడదు, అతికే కోడలు లేదు. ఆమె తిట్టి ఉంటే హాయిగా బండెక్కేదాన్ని. నా మీద నాకే ఒళ్లు మండుతోంది. ఆ పడుగు నేయడం అయ్యేదాకా నేను రాను. నువ్వు కోప్పడొద్దు.

బండివాడితో జొన్నపిండి, ఎండుమిరపకాయలు పంపు. పిండి కాస్త ఎక్కువే పంపు, అవ్వావాళ్లకు కూడా. అమ్మకూ నాన్నకూ నా దండాలు చెప్పు, దీవించమను. బావను అడిగానని చెప్పు. నేను బాగానే ఉన్నాను.

బండివాడు హారను కొడుతున్నాడు. గోడ అవతల నుంచి అవ్వ అడుగుతోంది, "బండొచ్చినట్టుంది. పోతాండావామ్మా?"

"ఉత్తరం పోతాంది అవ్వా, నేను కాదు" అన్నాను.

గోడ అవతల అవ్వ గొంతు మళ్లీ లేచింది.

"మరి ఆడ కూసోని ఏం సేస్తాండావే తుగ్గలిదానా? కండెలు ఎవురు సుడతారు?"

నీ చెల్లెలు,
సుంకమ్మ