ముసలామె పోయిందని

డింప్నా,

నా బ్లాగులో ఆ రాత తీసెయ్యమని మీ కౌన్సిలర్ తరఫున నువ్వు రాసిన ఉత్తరం అందింది. తియ్యను.

తొంభై ఏళ్ళు నడిచి మొన్న మూతపడిన మన వారపత్రికను ఊరంతా ముసలామె అనే పిలిచేది. అందుకే మన ఊరి రేడియోలో రోజూ చావుకబుర్లు చదివే పద్ధతిలోనే రాశాను: "ముసలామె తన ఇంట్లో ప్రశాంతంగా కన్నుమూసింది. పూలు పంపవద్దు."

ఊళ్ళో చావులు వెతికిపెట్టే పని మీ ఆఫీసులో కంప్యూటర్‌కు అప్పగించారట. పోయింది మనిషో పత్రికో అది పోల్చుకోలేదు సరే, ఆ పత్రికలో రాసి బతికిన నువ్వు కూడా పోల్చుకోలేదు. ఐర్లండ్‌లో ఓట్లు చావు జరిగిన ఇళ్ళలోనే దొరుకుతాయని నమ్మిన మీ కౌన్సిలర్ దొరగారు సంతాపానికి నల్ల టై కట్టుకుని మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

తలుపు తీసింది మా అమ్మ. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందమ్మా" అన్నాడు.

"ఎవరు పోయారు నాయనా?" అంది అమ్మ, ఆయన్ని లోపలికి తీసుకొచ్చి టీకి నీళ్ళు పెడుతూ.

"అదేనమ్మా, ముసలామె. నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళలో నన్ను పల్లెత్తు మాట అనలేదు."

రాజకీయాల్లోకి వచ్చాక ఆయన చెప్పిన నిజం అదొక్కటే. నా రాతలో ఒక లోటుండేది, ముసలామె ఏ జబ్బుతో పోయిందో రాయలేదు. ఇప్పుడు 'నన్ను పల్లెత్తు మాట అనలేదు' అన్న ఆయన మాటనే, ఆయన పేరుతోనే, కింద చేర్చాను.

ఇట్లు,
బతికే ఉన్న మీ పెద్దమ్మ కొడుకు