పన్నెండో స్ప్రింగు

ఫిబ్రవరి 3, మంగళవారం

మరదలు వచ్చింది. నా తమ్ముడి భార్య. వాడు పోయాక ఈ తొమ్మిదేళ్లలో నా షాపు గడప తొక్కడం ఇదే మొదటిసారి. లారీలో వచ్చింది. నేను డ్రైవర్ కోసం చూశాను. తనే దిగింది స్టీరింగ్ వెనక నుంచి.

ఇన్నాళ్లూ వ్యాను నడుపుతోందని తెలుసు. ఇప్పుడు సొంతంగా లారీ కొనుక్కుందట. పాత బండి. క్యాబిన్ ఎత్తి చూశాను. తమ్ముడి లారీలో ఉన్న ఇంజనే. ఆరు సిలిండర్లు, అదే మోడల్. క్యాబిన్ దించేశాను.

ఘాట్ మీంచి లోడు దింపాలి కాబట్టి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టమంది. వద్దు, చిన్న గేర్లో నెమ్మదిగా దిగితే చాలన్నాను. బావగారూ, ఘాట్ దిగేది మీరా నేనా అంది. నవ్వుతూనే అంది.

సరే అన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 4

షాపు తెరవలేదు. అడిగినవాళ్లకు జ్వరమని చెప్పమన్నాను మా ఆవిణ్ని. జ్వరం లేదు.

ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 3.20

ఘాట్ రోడ్డు చివరి మలుపు మా షాపు వెనకే. దిగే ప్రతి లారీ వినిపిస్తుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టినప్పుడు ఇంజన్ మూలుగుతుంది. ఒక్కో బండిది ఒక్కో మూలుగు. చూడకుండానే ఎవరి బండో చెప్పగలను.

ఇందాక తమ్ముడి బండి దిగింది.

రెంచీ కింద పెట్టి బయటికొచ్చి నిలబడ్డాను. మూలుగు ఏడో మలుపు దాకా వచ్చింది, ఆగిపోయింది. రోడ్డు మీదికి ఏ లారీ రాలేదు. నెలకు ఒకటి రెండు సార్లు ఇలా దిగుతుంది. ఒక్కసారీ కిందికి చేరలేదు.

మా ఆవిడకు చెబితే, ముసలితనం చెవుల్లోంచే మొదలవుతుందట.

ఫిబ్రవరి 7

వాల్వు స్ప్రింగుల కోసం ఫోన్ చేశాను. పన్నెండు వాల్వులకు పన్నెండు, గట్టివి. పాత ఇంజన్లకి ప్రతిసారీ గట్టివే ఎందుకు గురూ, అందరూ పాతవాటితోనే బ్రేక్ పెట్టేస్తున్నారుగా అన్నాడు స్పేర్ పార్టుల షాపాయన. ఆ మాట ఇంకోసారి అనకు అని అరిచాను. తర్వాత సారీ చెప్పాను.

ఎగ్జాస్ట్ బ్రేక్ అంటే ఏముంది, పొగ పోయే దారిని మూసేయడం. పోవడానికి దారి లేక గాలి ఇంజన్‌నే వెనక్కి నెడుతుంది. బండి నెమ్మదిస్తుంది. పొగను బయటికి వదిలే తలుపు వాల్వు. అది మూసి ఉన్నా అదే గాలి దాన్ని వెనక నుంచి తోస్తుంది. స్ప్రింగు గట్టిదైతే వాల్వు కదలదు. అలసిపోయిన స్ప్రింగైతే వాల్వు తెరుచుకుంటుంది. పైకొచ్చే పిస్టన్ దాన్ని గుద్దుతుంది.

ఇది నాకు తొమ్మిదేళ్ల క్రితం కూడా తెలుసు. అదే బాధ.

ఫిబ్రవరి 12

స్ప్రింగులు వచ్చాయి. షాపులో పడున్న అదే మోడల్ పాతదొకటి, కొత్తది పక్కపక్కన నిలబెట్టి చూశాను. పాతది కాస్త పొట్టిగా, ఒక పక్కకు వంగి ఉంది. కొత్తదాని తీగ లావు. టెస్టర్ మీద పెట్టి పన్నెండూ నొక్కి చూశాను. మళ్లీ చూశాను. పూర్తిగా నొక్కినా చుట్టలు ఒకదానికొకటి తగలడం లేదు. బాగున్నాయి. నాలుగోసారి కూడా చూశాను.

ఫిబ్రవరి 14, శనివారం

రాయాలి. రాయకపోతే రేపు అబద్ధం చెబుతాను.

పొద్దున ఎనిమిదికే వచ్చింది. ఈ పనికి హెడ్ విప్పక్కర్లేదు. పిస్టన్ను పైకి తెచ్చి, వాల్వు దాని మీద ఆనుకునేలా చేస్తే స్ప్రింగు తీసినా వాల్వు లోపలికి జారిపోదు. ఇంజన్‌ను చేత్తో తిప్పడానికి ఒక మనిషి కావాలి. నేను తిప్పుతానంది. కొంగు నడుముకు దోపి రాడ్డు పట్టుకుంది.

మొదటి సిలిండర్. స్ప్రింగును నొక్కి పట్టి, దాన్ని పట్టి ఉంచే చిన్న లాకులు రెండూ అయస్కాంతంతో తీసి, మీది టోపీ ఎత్తి, పాతది తీశాను. వాల్వు కాస్త జారి పిస్టన్ మీద ఆగింది. టక్. చిన్న శబ్దం. అదేమిటి బావగారూ అని అడిగింది. వాల్వు పిస్టన్‌కు తగిలిందన్నాను. లాకు ఒకటి చేతిలోంచి జారి పడింది. అరగంట వెతికాం. ఆమెకే దొరికింది.

తర్వాత పని సాగింది. కొత్త స్ప్రింగు, టోపీ, లాకులు, సుత్తి పిడితో ఒక దెబ్బ. మళ్లీ తిప్పడం. మళ్లీ టక్. ఆమె చేతికి పని తొందరగా పట్టుబడింది. నాలుగో సిలిండర్ దగ్గర, మీ తమ్ముడు నాకు టైరు మార్చడం కూడా నేర్పలేదు, పాడైపోతానని భయం అంది. మధ్యాహ్నానికి పదకొండు స్ప్రింగులయ్యాయి. ఒక్కటే మిగిలింది.

అప్పుడు అడిగింది. ఇంజన్ తిరుగుతుండగా ఇలా టక్ మంటే ఏమవుతుంది?

వాల్వు విరిగిపోతుందన్నాను. ఇంజన్ బిగుసుకుపోతుంది. ఇంజన్ ఆగితే బ్రేకులకు గాలి నిండదు. బ్రేకు నాలుగు సార్లు తొక్కితే ఉన్న గాలి అయిపోతుంది.

ఆమె రాడ్డు వదల్లేదు. మరి ఘాట్లో అయితే అంది.

చెప్పేశాను. తమ్ముడి బండికి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టింది నేను. స్ప్రింగులు మార్చాలని తెలిసీ మార్చలేదు. కొత్తవి రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఈ ట్రిప్పు అయ్యాక వేద్దాంలే అన్నాను. ఆ మాట వాడు అనలేదు, నేనన్నాను. ఏడో మలుపు కింద లోయలోంచి తెచ్చాక ఆ ఇంజన్‌ను విప్పిందీ నేనే. ఐదో పిస్టన్ మీద వాల్వు ముద్ర, చంద్రవంకలాగా, స్పష్టంగా ఉంది. క్యాబిన్లో పగిలిన మందు సీసా దొరికిందని, తాగి నడిపాడని అందరూ అన్నారు. ఆ సీసా ఎవరిదని ఎవరూ అడగలేదు. నేను పిస్టన్‌ను పాత ఇనుములో వేసి నోరు మూసుకున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నాది ఆమె కాళ్ల మీద పడింది.

ఆమె చేతులు కడుక్కుంది. సబ్బు రెండుసార్లు రాసుకుంది. తర్వాత ఒకటే అడిగింది, అయితే మీ తమ్ముడు తాగలేదా అని.

తాగలేదన్నాను.

నడిచి వెళ్లిపోయింది. లారీ ఇక్కడే ఉంది.

ఫిబ్రవరి 15

రాలేదు.

ఫిబ్రవరి 17

ఇంజన్ మీద గుడ్డ కప్పాను. దుమ్ము పడకూడదని. పదకొండు కొత్తవి, ఒకటి పాతది. దాని మీదికే పోతున్నాయి కళ్లు.

ఇవాళ తమ్ముడి బండి రెండుసార్లు దిగింది.

మా ఆవిడకు అంతా చెప్పాను. అత్తయ్య బతికుండగా చెప్పి ఉండాల్సింది అంది. అంతే, కూర తరుక్కుంటూ కూర్చుంది.

అమ్మ వాడి ఫోటో గోడ మీద పెట్టనివ్వలేదు. తాగి చచ్చినవాడికి దండెందుకు అనేది. వాడి పేరెత్తితే తల తిప్పుకునేది. పోయే రోజు కూడా తిప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను, కాళ్లు నొక్కుతూ.

ఫిబ్రవరి 19

వచ్చింది. కూర్చోలేదు.

తొమ్మిదేళ్లుగా తాగుబోతు పెళ్లాన్నయ్యానంది. కూతురు స్కూల్లో ఎవరో ఆ మాటంటే వారం రోజులు బడికి వెళ్లలేదంది. తను కూడా నమ్మిందట. రాత్రిళ్లు మనసులో ఆయన్ని తిట్టుకునేదాన్ని బావగారూ, అన్ని తిట్లూ ఉత్తపుణ్యానికే తిట్టాను అంది.

క్షమించమని అడగబోయాను. అది నాకెందుకు చెప్తారు, యూనియన్ ఆఫీసుకెళ్లి అందరి ముందూ చెప్పండి అంది. ఆ తర్వాత ఆ చివరి స్ప్రింగు మీ చేత్తోనే వేయండి. వేరేవాడెవడూ ముట్టుకోకూడదు. భయమున్నవాడే సరిగ్గా కొలుస్తాడంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

లారీ యూనియన్ ఆఫీసు. పాతికమంది దాకా ఉన్నారు, క్యారమ్స్ ఆడుతూ. ఎలా మొదలుపెట్టాలో తెలియక పాత ఇంజన్లలో వాల్వు స్ప్రింగుల గురించి మొదలుపెట్టాను. మెకానిక్‌కి క్లాసు పీకాలనిపించిందిరా అని ఎవరో నవ్వారు. తమ్ముడి పేరు రాగానే నవ్వు ఆగిపోయింది.

మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను.

ఒక డ్రైవరు లేచి, నా బండికి బ్రేకు పెట్టింది నువ్వే కదా, స్ప్రింగులు మార్చావా అని అడిగాడు. మార్చాను, వాడు పోయాక స్ప్రింగులు మార్చకుండా ఒక్క బండికీ పెట్టలేదన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది, నన్ను అంతకంటే పట్టించేది ఇంకోటి లేదని.

ఇంకో డ్రైవరు, మీసాలాయన, తమ్ముడి కంటే పదేళ్లు పెద్ద. ఇద్దరూ కలిసి తిరిగినవాళ్లే. తలపట్టుకుని, ఇన్నాళ్లూ వాణ్ని తాగుబోతని ఎంతమందికి చెప్పానురా అన్నాడు. నా మొహం చూడకుండా బయటికి వెళ్లాడు. ఒక్కొక్కరే వెళ్లారు. క్యారమ్ బోర్డు మీద ఆట మధ్యలోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 22

పన్నెండోది వేశాను. ఆమె ఇంజన్ తిప్పింది. టక్ మనగానే ఇద్దరం ఆగాం.

లాకులు కూర్చున్నాయో లేదో టార్చి వేసి చూశాను. ఎత్తు కొలిచాను. తనూ కొలిచింది. వాల్వులను నొక్కే ట్యాపెట్లు సెట్ చేశాం, కవర్ బిగించాం, బ్రేకు కలిపాం. స్టార్ట్ చేస్తే మొదటి సెల్ఫ్‌కే అందుకుంది.

మంగళవారం లోడుతో దిగుతాను, మీరు పక్కన కూర్చోవాలంది.

ఫిబ్రవరి 24, మంగళవారం

దిగాం. పన్నెండు టన్నుల లోడు. ఏడో మలుపు ముందు బ్రేకు పట్టింది. ఇంజన్ మూలిగింది, గట్టిగా, ఎక్కడా తడబడకుండా. వాల్వులు గట్టిగా కూర్చున్నాయి. నేను కళ్లు మూసుకుని వింటున్నాను.

అప్పుడే అంది, భయపడకు, గట్టిగా పట్టుకో, దాటేస్తున్నాం అని.

నన్ను ఆమె ఏనాడూ నువ్వు అనలేదు. కళ్లు తెరిచాను. ఆమె నా వైపు చూడటం లేదు. మా ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ సీటు వైపు చూస్తోంది.

నేను కిటికీ వైపు జరిగి కూర్చున్నాను.