గవాచిలోంచి దిగిన మనిషి

బుక్కరాయసముద్రం,
1964, మార్చి నెల

లక్ష్మక్కకు,

నీ చెల్లెలు బయమ్మ రాస్తున్నది. మా బిడ్డ సుంకమ్మ నీ దగ్గర ఉండి బాగా చదువుకుంటున్నదని బావ రాశాడు, మనసు కుదుటపడింది. హిందూపురంలో మీ బావి ఇంకా ఊరుతోందట కదా. ఇక్కడ చెరువు నెర్రెలిచ్చింది. అవతలి గట్టుకు పోవాలంటే జనం అడ్డంగా చెరువులోనే నడిచిపోతున్నారు. విత్తనం శనక్కాయలు గాదెలోనే ఉన్నాయి. అప్పుడప్పుడూ తీసి ఎండబెట్టి, పుచ్చినవి ఏరి, మళ్లీ పోస్తున్నాను. ఇల్లు నేను ఉంచినట్టే ఉంది. ఉంచినట్టు లేనిది మా ఇంటాయన, నీ మరిది.

క్రమంగా రాస్తాను. అలా రాస్తేనే నాకు కూడా అర్థమవుతుంది.

పోయిన ఏడు అనంతపురంలో ఒక ముసలి దొర చనిపోతే బంగళా ఖాళీ చేశారు. ఆయన పుస్తకాలను పాత కాగితాల మీరా హుస్సేన్ తూకానికి కొన్నాడు. అన్నీ యుద్ధాలవి, ఐరోపా రాజులవి. నీ మరిది సైకిలు వెనక ఒక గోనెసంచి కట్టుకుని వచ్చాడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మీరా హుస్సేనే బండి మీద తెచ్చి వాకిట్లో దించాడు.

"వదినా, సిపాయన్న పుణ్యాన నా కొట్టు ఊడ్చకపోతాంది. బొరుగులు పొట్లం కట్టేకి కాగితం లేదంటే నమ్ముతావా?" అన్నాడు.

"చదివినంక నీకే ఇస్తాడులే."

"యాడిస్తాడు! ఒక్కో బుక్కు తెరుస్తాడు, బొమ్మలు చూస్తాడు, ఇందులో లేదు అంటాడు, పక్కన పెడతాడు. ఏం లేదప్పా అంటే పలకడు. అన్నా, యుద్ధం అయిపోయి ఇరవై ఏండ్లు కావస్తాండాది, ఇంకా ఎవుర్ని ఎతుకుతాండావు?"

నీ మరిది నవ్వలేదు. సంచి ఎత్తుకుని లోపలికి పోయాడు.

మధ్యాహ్నాలు అవి చదివి నాకు తెలుగులో చెప్పేవాడు. పటాలంలో నేర్చిన ఇంగ్లీషు, మెల్లగా చదువుతాడు. మొదట్లో నాకూ బాగుండేది. కోటలో చిక్కుకుని గుర్రాలను కోసుకు తిన్నవాళ్లు, మంచులో నడిచి కాలివేళ్లు రాలిపోయినవాళ్లు, ఏళ్ల తరబడి కొట్టుకుని చివరకు ఎందుకు మొదలుపెట్టారో మరిచిపోయిన రాజులు. ఒకరోజు ఒక ఊరి గురించి చెప్పాడు. ఆ ఊళ్లో అందరూ చచ్చిపోయాక కూడా గాలికి గుడి గంట మోగుతూ ఉండేదట. పక్క ఊరివాళ్లు అది విని అక్కడ మనుషులు ఉన్నారనే అనుకునేవారట. అది చెప్పి ఆగిపోయి, "ఎంత కాలం అట్ల అనుకునింటారో," అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

తర్వాత చేని పని మొదలైంది. పటాలంలో ఆయనది బాంబులు పాతిన నేలను వెతికి మనుషులు నడవడానికి దారి చేసే పని అని నీకు తెలుసు. అదే పని ఇప్పుడు మన చేన్లో చేస్తున్నాడు. ఇనప కడ్డీని ఏటవాలుగా మట్టిలోకి దించుతాడు, తీస్తాడు, జానెడు పక్కన మళ్లీ దించుతాడు. చూసిన మేరకు సున్నం పూసిన రాళ్లు రెండు వరసలు పెట్టుకుంటూ వస్తాడు. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి. రోడ్డు దగ్గర మొదలుపెట్టి మన వాకిలి దాకా తెచ్చాడు. కూలికి వచ్చే చెన్నప్ప, "దున్నాల్సిన చేన్లో ఈ రాళ్లేంది సిపాయన్నా?" అంటే, "ఎవురన్నా వస్తే తెలియాల గదా, యాడ నడవాలనో," అన్నాడట. కూలివాళ్లు మొదట నవ్వుకుంటూ ఆ రాళ్ల మధ్య నడిచారు. ఇప్పుడూ అక్కడే నడుస్తున్నారు, నవ్వు మాత్రం లేదు. గాలి ఆడని మిట్టమధ్యాహ్నం ఆ తెల్లరాళ్లను చూస్తే చేను ఎవరికోసమో కాచుకుని ఉన్నట్టు ఉంటుంది.

మొన్న ఆయన వెతికే పుస్తకం దొరికింది. ఇటలీలో ఏదో ఏటి మీద మన మద్రాసు పటాలంవాళ్లు పొద్దున్నే మంచులో వంతెన కడుతున్న బొమ్మ ఉంది. ఆ బొమ్మ తీసిన కాసేపటికి గుండ్లు పడ్డాయని, వంతెన మీద ఉన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదని, శవాలను తర్వాత ఏటిలోంచి తీసి ఆ గట్టునే పూడ్చారని కింద రాసి ఉందట. ఆయన దాన్ని నాకు చూపించి, గట్టు మీద తాడు పట్టుకున్న పొట్టి మనిషి మీద వేలు పెట్టి, "ఇది నేను," అన్నాడు.

నేను పుస్తకాన్ని గడప వెలుతురులోకి తీసుకుపోయి మళ్లీ చూశాను. ఎందుకో ఈ కాగితం మీద రాయను. ఇంకొకటి రాస్తాను. అది వచ్చినప్పుడు బావకు చూపించకు.

నీ చెల్లెలు,
బయమ్మ


బుక్కరాయసముద్రం,
ఏప్రిల్ నెల

అక్కా,

ఇది చదివి పొయ్యిలో పెట్టు. సుంకమ్మ కంట పడనివ్వకు.

నాకు పెళ్లయినప్పుడు ఎంత వయసో నీకు తెలుసు. ఉగాదికి కాపురానికి వచ్చాను, దసరా కాకముందే ఆయన పటాలానికి పోయాడు. ఆ కొన్ని నెలల్లో ఆయన ముఖం తిన్నగా చూసింది తక్కువ, వెనక నుంచి చూసింది ఎక్కువ. చేనికి పోతుంటే వంటింటి తలుపు సందులోంచి చూసేదాన్ని. ఎడమ భుజం కిందికి జారవేసి, చేయి వెనక్కు తిప్పి నడుం మీద పెట్టుకుని నిలబడేవాడు. ముఖం మరిచిపోతానేమో కానీ ఆ భుజాన్ని మరిచిపోను.

ఆ బొమ్మలో వంతెన మధ్య ఒక మనిషి వెనక్కు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎడమ భుజం జారి ఉంది. చేయి నడుం మీద ఉంది.

అక్కా, నీ మరిది వేలు పెట్టింది వేరే మనిషి మీద.

ఆయన తిరిగి వచ్చిన రోజు నువ్వు ఇక్కడ లేవు, నీకు కాన్పు. అందుకే ఆ రోజు జరిగింది రాస్తాను. కనబడటం లేదు, చనిపోయినట్టే అనుకోవాలి అని సర్కారు తంతి వస్తే మేము కర్మ చేశాం, నా గాజులు పగలగొట్టారు. అంతవరకూ నీకు తెలుసు. రెండేళ్లకు ఒక మనిషి వాకిట్లోకి వచ్చాడు. ముఖం ఒక పక్క కాలి ఉంది, ఒక చెవి వినబడదు. మా అత్తకు అప్పటికే కళ్లలో పూలు, చూపు ఆనదు. ఆమె పరుగెత్తి, ఆయన తల తడిమి, "నా కొడుకు, నా కొడుకు," అని కరుచుకుంది. ఆయన ఏదో చెప్పబోయాడు. కులపెద్ద రామదాసు తాత అడ్డం వచ్చాడు. "ఆగప్పా, కర్మ చేసినోడు వాకిట్లోంచి రాగూడదు. మళ్లా పుట్టాల," అన్నాడు. నిచ్చెన వేసి మిద్దె ఎక్కించారు. నడుముకు చీర కట్టి, వెలుతురు కోసం మిద్దె కప్పుకు వదిలిన కంత, ఆ గవాచిలోంచి ఇంట్లోకి దించారు. బిడ్డకు పోసినట్టు నీళ్లు పోసి, నాలుకకు ఆముదం రాశారు. పుట్టిన బిడ్డ మాట్లాడదు కాబట్టి పురుడు తీరేదాకా నోరు విప్పకూడదన్నారు. పురుడు తీరాక నాకు మళ్లీ తాళి కట్టించారు. పాత పేరుతో పిలవకూడదు, పాత జన్మ గురించి ఎవరూ అడగకూడదు, ఆయన చెప్పకూడదు అని కట్టడి పెట్టారు. ఊరికంతా ఆయన సిపాయన్న అయిపోయాడు.

దించుతున్నప్పుడు నేను కిందే నిలబడి ఉన్నాను. కాళ్లు వచ్చాయి, నడుం వచ్చింది, భుజాలు వచ్చాయి. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. దెబ్బలు తగిలి అలా అయిందేమోనని అనుకున్నాను. అలాగే అనుకుంటూ వచ్చాను. పటాలం కాగితాలు ఏవీ ఇంట్లోకి రానివ్వడు. సుంకమ్మ పుట్టడానికి ముందు చాలా కాలం అరుగు మీదే పడుకునేవాడు. అత్త బతికినన్నాళ్లూ అమావాస్యకు మిద్దె మీద కాకులకు రెండు ఆకుల్లో అన్నం పెట్టేది. ఒకటి మామకు. రెండోది ఎవరికని అడిగితే, "నీకెందుకే, నీ పని చూసుకో," అంది.

అడగవచ్చు కదా అంటావు. పాత జన్మ అడిగితే వచ్చినవాడు వచ్చిన చోటికే పోతాడని అత్త చెప్పేది. ఆ మాట నమ్మినా నమ్మకపోయినా, ఇన్నాళ్లూ నా నాలుక మీద అది బండలా ఉంది. మంచి మనిషి అక్కా. నా మీద ఒక్క రోజు గట్టిగా అరవలేదు. కానీ నేను ఉన్నది బతికినవాడితోనా, చచ్చినవాడితోనా, పరాయివాడితోనా? ఇది తెలియకుండా ఈ ఇంట్లో ఇంకొక పూట పొయ్యి ముట్టించడం నా వల్ల కావడం లేదు.

ఇంకొక సంగతి. బొమ్మ దొరికిన మరుసటి రోజు నుంచి మళ్లీ రాళ్లు పెడుతున్నాడు. ఈసారి మొదలుపెట్టింది మన గడప దగ్గర. రోడ్డు వైపు పోతున్నాడు. ఆ దారి వచ్చేవాళ్లకు కాదు.

అందుకే అడగాలనుకుంటున్నాను. నువ్వు ఏమంటావో వెంటనే రాయి.

బయమ్మ


బుక్కరాయసముద్రం,
మే నెల

అక్కా,

"అడగొద్దు, ఆ పుస్తకం తగలబెట్టు, కూతురుందని గుర్తు పెట్టుకో," అని రాశావు. నీ జవాబు వచ్చేటప్పటికే అడిగేశాను.

ఆ మధ్యాహ్నం రాళ్ల వరస ఇంక కొన్ని బారలైతే రోడ్డుకు కలుస్తుంది. అది చూశాక ఆగలేకపోయాను. రాళ్ల మధ్య దారిలో పోకుండా, కడ్డీ దించని నేల మీద అడ్డంగా నడిచి ఆయన వైపు పోయాను. నన్ను చూసి కడ్డీ వదిలేశాడు.

"బయమ్మా! నిలబడు! అడుగు తీయద్దు, ఆడే నిలబడు!"

మన చేను అది. నేను పదిసార్లు కలుపు తీసిన నేల. అయినా ఆ కేక విని నా కాళ్లు బిగుసుకుపోయాయి. కింద నిజంగానే ఏదో ఉందని అనిపించింది. పాదాల కింద మట్టి వేడిగా, బోలుగా ఉంది. అక్కడినుంచే అడిగాను.

"బొమ్మలో నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడినోడు ఎవురు?"

ఆయన నా పాదాల చుట్టూ నేల చూశాడు. తర్వాత, "నీకు తెలుసు," అన్నాడు.

"నువ్వు చెప్పు."

"గోవిందప్ప."

"మరి నువ్వెవురు?"

"గోవిందప్ప పోయినాడని చెప్పేకొచ్చినోన్ని."

అక్కా, ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "ఇద్దరం ఒకే గుంతలో పండుకునేవాళ్లం. నాకు అమ్మా నాయనా లేరు. వాడు ఈ ఇంటి గురించే చెప్తాండె. అమ్మ గురించి, నీ గురించి. వంటింటి తలుపు సందులోంచి చూస్తాది, తెలియదనుకుంటాది అని నవ్వుతాండె. నేను పోతే మా ఇంట్లో చెప్పాల్రా అన్న్యాడు. చెప్పేకే వచ్చినా. అవ్వ కరుచుకునింది. నోరు తెరిస్తే పెద్దోళ్లు మూసినారు. పుట్టినోడు మాట్లాడగూడదంట! పురుడు తీరినంక చెప్పబోతే పాత సంగతులు ఎత్తగూడదన్న్యారు. అవ్వకేమో నేను అన్నం తింటే పానం లేచొస్తాండె. అవ్వ పోయినంక చెప్పుదామనుకుంటి. అవ్వ పోకముందే సుంకమ్మ పుట్టె. ఇంగ ఏమని చెప్పేది?"

"ఈ బుక్కులెందుకు?"

"వాడు ఏట్లో పడింది చూసినా. చచ్చింది చూడలే. ఈదుకోని పోయి శత్రువులకు దొరికినారని కొందరన్న్యారు. ఏ పొద్దు వచ్చి వాకిట్లో నిలబడతాడో, నేను లేచి పక్కకు పోవల్లనో అని ఇన్నేండ్లూ బాట చూస్తానే ఉండా. ఇప్పుడు తెలిసింది, గట్టునే పూడ్చినారని. వాడు ఇంగ రాడు. రాకపోయినా ఇది వాని ఇల్లే. నేను పోతా."

అప్పుడు ఒకటి జరిగింది. ఎండాకాలంలో సుడిగాలి లేవడం మామూలేనని నాకు తెలుసు. రోడ్డు దగ్గర చిన్న సుడి లేచింది. మనిషి ఎత్తు ఉంది. మొదట వేసిన రాళ్ల దారిలోకి తిరిగింది. ఆ వరసలు దాటకుండా, నడిచి వస్తున్నంత నిదానంగా, మా ఇద్దరి పక్కనుంచే పోయి, మన వాకిట్లో కాసేపు నిలబడి, అక్కడే మట్టిగా రాలిపోయింది. ఇద్దరం చూశాం. చేన్లో ఒక్క చప్పుడు లేదు. ఆయన ముఖం నిండా చెమట.

నాకు భయం వేయలేదక్కా. రాసేటప్పుడు వేస్తోంది, అప్పుడు వేయలేదు. గోవిందప్ప కోసం నేను చేయాల్సింది ఏమన్నా మిగిలిందా అని మొదటి నుంచీ వరసగా తలుచుకున్నాను. ఏమీ మిగల్లేదు. ఏడ్చాను. గాజులు తీశాను. కర్మ చేయించాను. అవన్నీ పొరపాటని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక్కటీ పొరపాటు కాదు, అన్నీ గోవిందప్పకే చేరాయి.

"చచ్చినోనికి చెయ్యాల్సింది చేసినాం. నువ్వు ఈ ఇంట్లో పుట్టినోనివి. దించేటప్పుడు కింద నిలబడి చూసింది నేనే. పుట్టినోడు ఇల్లు ఇడిచి యాడికి పోతాడు? సంగటి ఆరిపోతాండాది, రా," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. మధ్యలో కడ్డీ దించని నేల. కడ్డీ తీసుకోవడానికి వంగి, తీసుకోకుండానే లేచాడు. ఒక అడుగు వేసి కళ్లు మూసుకున్నాడు. ఇంకొక అడుగు వేశాడు. నా దగ్గరకు వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

సుంకమ్మకు పెద్దయ్యాక నేనే చెబుతాను. నువ్వు చెప్పవద్దు. కులం ఏమిటని నువ్వు అడుగుతావు, తెలుసు. నేను అడగలేదు, అడగను. అన్నం తినేటప్పుడు పేరు మాత్రం అడిగాను. ఎవరూ పిలవక ఎన్నేళ్లయిందో, ఒకసారి చెప్పి, అదేనా కాదా అన్నట్టు ఆగి, మళ్లీ చెప్పాడు. మంచి పేరు.

ఈ ఉత్తరంలో గోవిందప్ప అని ఎన్నిసార్లు రాశానో చూడు. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నా నోట రాని పేరు, ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా వస్తోంది. ఈయన పేరు మాత్రం నీకు కూడా రాయను. ఏమనుకోకు అక్కా, మొగుడి పేరు నా చేత్తో ఎట్లా రాసేది?

నీ చెల్లెలు,
బయమ్మ