ఎండ్రకాయలు పట్టే చోట బురదను మళ్లీ పరీక్షించుట గురించి

జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు, నెల్లూరు.

అయ్యా,

విషయం: కోట మండలం, మా రేవు వద్ద ఉప్పుటేటి అడుగు బురదలో సీసం ఎంత ఉన్నదో, ఆడవాళ్లు దిగే చోటనే పరీక్షించి కాగితం మీద తెలుపవలసిందిగా మనవి.

1. గిద్యోను భార్యనైన డెబోరా అను నేను, ఇరవై రెండేళ్లుగా ఈ ఏటిలో నడుములోతున దిగి, బురదలో తడిమి ఎండ్రకాయలు పట్టి, కోట సంతలో అమ్ముకొని బ్రతుకుచున్నాను. నాతోపాటు పదకొండు మంది దిగుతారు. గట్టు మీద పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డు రెండేళ్ల కిందట మూతపడినది. దాని నీళ్లన్నీ ఏటిలోకే వచ్చేవి.

2. గత నెల 14వ తేదీన సీసం పరీక్షకని వచ్చిన ప్రైవేటు ల్యాబు ఉద్యోగి సుశీల్ కుమార్ గారు, డ్రిల్లింగ్ మిషను వంటి చేతి యంత్రమును రోడ్డు పక్క మట్టికి మూడు చోట్ల ఆనించి, 'పరిమితికి లోబడి ఉన్నది' అని రాసుకొన్నారు. "మేం దిగేది ఈడ కాదు సార్" అంటే, బురదలో దిగలేనన్నట్టు తన బూట్లు చూపించారు. అందుచేత నేనే దిగి, టిఫిన్ గిన్నె నిండా అడుగు బురద తెచ్చి ఆయన ముందుంచితిని. రోడ్డు పక్కన రెండంకెల లెక్క చూపిన యంత్రము, ఈ బురదకు ఆనించగా నాలుగంకెల లెక్క చూపినది.

"అక్కా, ముందు సబ్బుతో చేతులు కడుక్కో."

"సీసమేనా సార్?"

"నువ్వు తెచ్చిన మట్టి లెక్కలోకి రాదు. నమూనా మేమే తీయాల."

ఆ అంకె చెరిపివేసి వెళ్లిపోయారు.

3. ఇది రాయుటకు చేయి రావడం లేదు. ఆ ఉదయం పట్టినవి బుట్టలోనే ఉన్నవి. లెక్కలోకి రాదన్నారు గదా అని సంతకు తీసుకుపోయాను. ఎప్పుడూ నా దగ్గరే కొనే కామాక్షి, ఏడో నెల గర్భిణి, "మంచివేనా అక్కా?" అని అడిగింది. మంచివే తల్లీ అన్నాను. అయ్యా, అన్నాను. మరునాడు వాళ్లింటికి పోయి నిజం చెప్పాను. అప్పటికే వండుకొని తిన్నారు. ఆమె మెల్లగా తలుపు వేసుకొంది.

4. అప్పటినుంచి నేను ఏటిలో దిగడం లేదు. మావాళ్లకు చెప్పితే, అందరిలో పెద్దదైన వెంకటశేషమ్మ, "కాగితం ఉండాదా? లేకుంటే మా నోటికాడ కూడు తీయబాకమ్మే" అన్నది. నా వద్ద కాగితం లేదు. ల్యాబు వారి దగ్గరున్న ఒక్క కాగితమూ అంతా బాగున్నదంటున్నది.

కావున ఏటి అడుగు బురదను, ఎండ్రకాయలను అందరి ఎదుట పరీక్ష చేయించి, కామాక్షికి రక్తపరీక్ష జరిపించ ప్రార్థన. అంకె ఎంతయినా సరే, దాచకుండా మాకు చెప్పించండి. ఈ నా మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
డెబోరా

మరొక మాట: సంతకం పెట్టిన తరువాత వెంకటశేషమ్మ వచ్చి, ఏం రాశావో చదవమన్నది. చదివాను. కామాక్షి సంగతి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. "నువ్వు చెప్పినాక గూడా నేను అమ్మినా గదమ్మే. నా పేరు గూడా రాయి" అన్నది. కింద ఉన్నది ఆమె వేలిముద్ర.