వెలుగు దూరిన పెంకు

చెల్లాయికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పొద్దుటి నుంచి రెండు కాగితాలు చింపాను. మీ వదిన చూసి, "చింపడానికైతే పాత పేపర్లు ఇస్తాను" అని కలం చేతిలో పెట్టి వెళ్ళింది.

నీ బట్టీ పెంకుల సంగతి. కొలిమి వేడి బయటికి పోకుండా లోపల పరిచే నీ తెల్ల పెంకులో వేడి, నువ్వు చెప్పినదానికి రెట్టింపు వేగంతో పాకుతోందని ఎనిమిది నెలల కిందట మా ల్యాబ్ రిపోర్టు ఇచ్చింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. నువ్వు బట్టీ ఆర్పేశావు. ఆ రోజు మా ఇంటికొచ్చి, "మీ మిషన్ అబద్ధం చెప్పదు కదన్నయ్యా, నేనే మట్టి సరిగ్గా కలపలేదేమో" అన్నావు. రిపోర్టు కింద సంతకం ఎవరిదని అడగలేదు. నాదే. మాకొచ్చే డబ్బాల మీద అంకెలే తప్ప పేర్లుండవు కాబట్టి, కొలిచేటప్పుడు అది నీదని తెలియదు. తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు.

మా పని నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు. చొక్కా గుండీ అంత బిళ్ళ కోసి, రెండువైపులా నల్లటి గ్రాఫైట్ చిమ్మి మిషన్‌లో పెడతాం. కిందనుంచి లేజర్ ఒక్క దెబ్బ కొడుతుంది, రెప్పపాటు కూడా పట్టదు. పై ముఖం ఎప్పుడు వేడెక్కుతుందా అని పైనుంచి డిటెక్టర్ కాపలా కాస్తుంది. రాగిలో వేడి ఇరుగుపొరుగు కబురులా గుప్పుమంటుంది, ఇటుకలో ఆఫీసు ఫైలులా కదులుతుంది. లేత్ మీద చేతులు అరగదీసుకున్నవాణ్ణి, ఇదంతా మిషన్ పుస్తకం, నిఘంటువు పక్కపక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. డిటెక్టర్ అంటే పోలీసనుకుని మూడు పేజీలు అపరాధ పరిశోధనలా చదివిన మాట నీకొక్కదానికే చెబుతున్నాను.

సరే, ఆ పుస్తకంలో నా తలకెక్కినది ఒక్కటే: పూత పలచగా ఉండాలి. మందమైతే లోహపు బిళ్ళల లెక్క చెడుతుంది. నా అంత పలచగా చిమ్మేవాడు లేడని ల్యాబ్‌లో పేరు. ఆ పేరే నీ కొంప ముంచింది.

నిన్న మధ్యాహ్నం ఇంకెవరిదో తెల్ల బిళ్ళ వచ్చింది. లేజర్ కొట్టిన క్షణంలోనే, వేడి ఇంకా బయలుదేరకముందే, తెర మీద గీత కాస్త ఎగిరింది. నీ పెంకు దగ్గరా ఇలాగే ఎగిరితే మిషన్ ఉలికిపాటులే అని వదిలేశాను. ఈసారి ఎందుకో బిళ్ళ తీసి టార్చి ముందు పట్టాను. చెల్లాయీ, పూత నిండా సూదిమొనల్లాంటి వెలుగు చుక్కలు. నా పలచటి నలుపుని మట్టిలోని సన్న రంధ్రాలు తాగేశాయి. వేడి నడిచి రాలేదు, లేజర్ వెలుగే సందుల్లోంచి దూరి వచ్చింది, డిటెక్టర్ దాన్నే వేడనుకుంది.

బీరువాలోంచి నీ పాత బిళ్ళ తీసి, కడిగి, వెలుగు దూరకుండా రెండువైపులా బంగారపు పొర వేయించి, దాని మీద గ్రాఫైట్ దట్టంగా చిమ్మాను. మీ వదినకి ఇన్నేళ్ళలో తులం కొనిపెట్టలేదు గానీ నీ పెంకుకి బంగారం తొడిగాను. ఐదుసార్లు కొట్టాను. గీత ఎగరలేదు, పిల్లిలా మెల్లగా ఎక్కింది. ఐదుసార్లూ నువ్వు చెప్పిన అంకె. నీ మట్టిలో తప్పు లేదు. తప్పు నా చేతిది.

సవరించిన రిపోర్టు ఇవాళే కొనేవాళ్ళకి వెళ్ళింది. రేపు మా ల్యాబ్ మేడమ్‌కి రాజీనామా ఇచ్చేస్తాను. ఈ చేత్తో ఇంక కొలవను.

నీ అన్నయ్య


చెల్లాయికి,

ఫోన్లో నువ్వన్నవన్నీ తలవంచుకునే విన్నాను. ఎనిమిది నెలలు నువ్వు మట్టిని తిట్టుకుంటుంటే నేను నోరు మూసుకున్నాను, అది మర్చిపోనన్నావు. మర్చిపోవద్దు. ఆ తర్వాత అన్న మాటే నన్ను పట్టుకుంది: "మానేస్తే మానెయ్ అన్నయ్యా. నా తర్వాతి పెంకు ఎవరు కొలుస్తారో చెప్పి మానెయ్."

రాజీనామా జేబులోనే ఉంచుకుని మేడమ్‌కి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు, రిజిస్టర్లు తెప్పించింది. నా చేతి మీదుగా పోయిన తెల్ల బిళ్ళలు ముప్పై నాలుగు. అన్నీ మళ్ళీ కొలవాలి, తప్పు తేలిన ప్రతివాళ్ళకీ నా సంతకంతోనే ఉత్తరం వెళ్ళాలి. భయంగానే ఉంది. అయినా ఏడు కొట్టకముందే ల్యాబ్ తలుపు దగ్గర నిలబడుతున్నాను, తాళంచెవి ఉన్న మనిషి నన్ను చూసి విసుక్కుంటున్నాడు.

కొనేవాళ్ళు మళ్ళీ పెంకులు అడిగారనీ, నువ్వు బట్టీ వెలిగించావనీ బావ చెప్పాడు.

ఇవాళ మూడు బిళ్ళలు తీశాను. ఒకదాని అంకె మారింది, ఒకదానిది మారలేదు. మూడోది బిగించేటప్పుడు విరిగింది.

అన్నయ్య