చలిలో ముంచిన పిస్టన్ రింగులు

జనగామ,
ఆదివారం

నా హరితా,

ఫోన్లో నువ్వు "బండి ఎప్పుడైతది?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తున్నాను. అందుకే కాగితం పట్టుకున్నాను. నవ్వకు. మెకానిక్ రాసిన ఉత్తరం కదా, అక్కడక్కడా గ్రీజు మరకలుంటాయి.

నీకు భూపాలపల్లి దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చి నువ్వు వెళ్ళినప్పటి నుంచీ మన కారు ఇంజిన్ విప్పి షెడ్డులో పరిచి పెట్టాను. నువ్వేమో షెడ్డు ఎత్తేసి నీ దగ్గరికే వచ్చెయ్యమంటావు. నేనేమో వారం వారం వచ్చిపోతానంటాను. ఏళ్ల తరబడి అలా తిరగాలంటే ఇంజిన్ గట్టిగా ఉండాలి కదా! లోహాన్ని సున్నా కంటే రెండు వందల డిగ్రీల దాకా కిందికి చల్లబరిస్తే అరుగుదల తగ్గుతుందని ఒక వీడియోలో చూశాను. ఇక అదే పిచ్చి పట్టుకుంది.

అంత చలి మన దిక్కు ఎవరి దగ్గరుంటుంది? పశువులు చూలు కట్టడానికి ఎద సూదులు వేసే నర్సింహులపేట కొండల్ దగ్గర. సూదిమందు పాడవకుండా ఉంచే అతని డబ్బాలో ఉండేది ద్రవ నైట్రోజనే. బతిమాలి ఒప్పించి, కొత్త పిస్టన్ రింగులు తీగకు గుచ్చి అందులో ముంచాను. బుసబుసా పొంగి పొగంతా బయటికొచ్చింది. "ఏందిరా గణపతీ గిది! గ్యాసంత పాయె. రేపు బర్రెలోళ్లకు నేనేం చెప్పాలె?" అని కొండల్ తిట్లు లంకించుకున్నాడు. షెడ్డుకు తెచ్చి పిస్టన్‌కు ఎక్కించబోతే రెండు రింగులు చేతిలోనే విరిగిపోయాయి.

తర్వాత హైదరాబాద్‌లో ఇట్లా లోహాన్ని చల్లబరిచే పని చేసే ఒకతనికి ఫోన్ చేశాను. అట్లా ముంచకూడదట. యంత్రంలో పెట్టి గంటల తరబడి మెల్లగా చల్లార్చి, అంతే మెల్లగా మామూలు వేడికి తెచ్చి, ఆపైన ఓవెన్‌లో కాచాలట. "కోత పనిముట్లకు, రేసు బండ్లకు పనికొస్తది. ఇంటి కారుకెందుకన్నా? ఇంజిన్ బోరు మంచిగ చేయించి టైముకు ఆయిల్ మార్చు, చాలు" అన్నాడతను. తన బేరం పోతుందని కూడా చూసుకోలేదు.

ఫోన్ పెట్టేశాక విప్పిన ఇంజిన్ పక్కన కూర్చుంటే ఏడుపొచ్చింది. ఇక నాకు సాకు లేదు. బండి లేక రాకపోవడం కాదు హరితా, బస్సులున్నాయి. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు అద్దెకుండే ఇంటావిడ "సారు ఏం జేస్తడమ్మా?" అంటే నువ్వు "జనగామల కార్ల బిజినెస్" అన్నావు. గడప లోపలే ఉన్న నేను అది విని, గోళ్లలో గ్రీజు దిగిన చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అప్పటి నుంచీ అక్కడికి రావడానికి మనసొప్పడం లేదు. ఇక్కడ సాయంత్రం షట్టర్ దించితే అన్నం తిన్నావా అని అడిగే మనిషి లేడు. అయినా ఇక్కడే ఉంటాను. నన్ను రమ్మనడం మానెయ్.

నీ
గణపతి

భూపాలపల్లి,
శుక్రవారం

ఏవండీ,

వార్డులో నిలబడే మీ ఉత్తరం చదివాను. ఇంటావిడ గది ఖాళీ చేయిస్తుందేమోనని భయపడి అట్లా అన్నానని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ కాదు, సిగ్గుపడ్డాను. మీరు ఆ మాట విన్నారని మాత్రం నాకు తెలియదు. ఇన్నాళ్లూ మీకే నా మీద మనసు విరిగిందేమో అనుకున్నాను.

ఈ పొద్దు ఇంటావిడకు చెప్పాను, "మా ఆయన మెకానిక్, ఇంజిన్లు బాగుచేస్తడు" అని. ఆమె "అట్లనా" అని మళ్లీ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. అంతే. దీనికా మనం ఇంత దూరమైంది?

ఏళ్ల తరబడి తిరిగినా అరగని ఇంజిన్ కావాలన్నారు చూడండి, అది చదివి భయమేసింది. అన్నేళ్లూ విడివిడిగానే ఉంటామని నిర్ణయించేశారా? ఒక్కదాని కోసం వండుకోవడం నాకు ఇంకా చేతకాలేదు. రోజూ అన్నం మిగిలిపోతోంది.

మామూలు రింగులే వేసి బిగించండి. మీ పనిముట్లన్నీ డిక్కీలో వేసుకోండి. ఆ ఇంజిన్ హన్మకొండ, పరకాల మీదుగా ఒక్కసారి ఇక్కడిదాకా వస్తే చాలు.

మీ
హరిత