పంపడం లేదు

సెప్టెంబర్ 2, మంగళవారం

ల్యాబ్‌లో ఇవాళ అరవై మూడు శాంపిల్స్. ఎవరికీ రెండోసారి సూది గుచ్చాల్సిన పని పడలేదు. నీ చెయ్యి తేలికమ్మా అని ఒక పెద్దాయన వెళ్తూ వెళ్తూ చెప్పి పోయాడు.

మధ్యాహ్నం మా అమ్మాయి పిట్ట వాళ్ళ క్లాస్ టీచర్ ఫోన్ చేశారు. మార్కుల గురించేమో అనుకున్నాను. కాదట. క్లాసంతా మూడు రోజుల క్యాంపుకి వెళ్తోందట, మా పిల్లొక్కతే రావడం లేదట. పోయిన ఏడాదీ అంతేనట, అంతకు ముందూ అంతేనట. ఇంట్లో ఇబ్బందేమైనా ఉంటే స్కూలు సగం భరిస్తుంది, మొహమాటపడకండి అన్నారు, చాలా మర్యాదగా.

ఏ క్యాంపండీ అన్నాను.

మీరు సంతకం పెట్టిన కాగితం నా ముందే ఉంది అన్నారావిడ.

సెప్టెంబర్ 3, బుధవారం, ఉదయం 8.10

ఆ కాగితం ఫొటో పంపించారు. ‘పంపడం లేదు’ అన్న గడిలో టిక్కు. కారణం: ఆసక్తి లేదు. కింద నా సంతకం. నాకంటే పొందిగ్గా పెట్టింది.

పదమూడేళ్ళ పిల్ల. అబద్ధమాడే రకం కాదు. లంచ్ బాక్స్ సర్ది స్కూలుకి పంపేశాను.

సాయంత్రం 5.30

అడిగాను. బుకాయించలేదు, ఏడవలేదు. డబ్బులు తియ్యాల్సొస్తే నీ మొహం మారిపోతుందమ్మా, నేను చూళ్ళేను అంది.

ఎలా మారుతుందన్నాను. చేసి చూపించింది. పెదవులు లోపలికి బిగించి, చూపు ఎటో పెట్టి.

అచ్చం మా నాన్న.

సెప్టెంబర్ 4, గురువారం

ఇవాళ బ్యాంక్ బ్యాలెన్స్ తొమ్మిదిసార్లు చూసుకున్నాను. ఎన్నిసార్లో ఎప్పుడూ గమనించలేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

పిట్టని పక్కన కూర్చోబెట్టుకుని అకౌంట్ తెరిచి చూపించాను. ఇది నా జీతం, ఇది అద్దె, ఇది నెలనెలా పక్కన పెట్టేది, ఇది మీ నాన్న పోయినప్పుడొచ్చిన ఇన్సూరెన్స్. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ డబ్బు నేను ముట్టుకోనే లేదు.

తెర మీద వేలు పెట్టి ఒకట్లు, పదులు, వందలు అంటూ పోయింది. మనకి ఇంతుందా అంది. ఉందన్నాను.

మరి మనం పేదవాళ్ళం కదా అంది.

కాదని చెప్పడానికి నోరు రాలేదు. అంత చిన్న మాట. దాని బదులు నా కథ చెప్పాను. నాకు పదేళ్ళప్పుడు, ఫీజు కట్టలేదని పదకొండు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. కిటికీ పక్కనుంచి పాఠం వినేదాన్ని. అందరూ ఒకేసారి పేజీ తిప్పితే ఆ చప్పుడు వినబడేది. అప్పట్లో నాన్న షాపు సరిగా నడిచేది కాదు, ఇంట్లో డబ్బు లేదు. ఇక ఎప్పటికీ చేతిలో డబ్బు లేకుండా ఉండకూడదని అప్పుడే అనుకున్నాను.

అంతా విని, వాళ్ళంతా క్యాంపుకెళ్తే నేనూ లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చున్నా కదమ్మా అంది. నిష్ఠూరంగా కాదు. ఊరికే, నాకు తోడుగా.

సెప్టెంబర్ 8, సోమవారం

క్యాంపు డబ్బు కట్టేశాను. అరచేతులు తడిసిపోయాయి. రోజూ అరవై మందికి భయపడకండి, ఒక్క క్షణం అని చెప్పేది నేనే.

సెప్టెంబర్ 13, శనివారం

అక్కకి ఫోన్ చేశాను. నాకంటే ఆరేళ్ళు పెద్దది, ఆ రోజులు బాగా గుర్తుంటాయి. మాటల్లో ఫీజు సంగతి వచ్చింది. డబ్బు లేకపోవడమేంటే అంది. ఉందట. బీరువాలో, బట్టల కింద, గుడ్డసంచిలో. రెండేళ్ళ ఫీజుకి సరిపోయేంత. అమ్మ రోజూ అడిగేదట, రేపిస్తా అనేవాడట నాన్న. పన్నెండో రోజు అమ్మే తీసి అక్క చేతికిచ్చి పంపిందట. ఆ పూట నాన్న భోజనం చేయలేదట.

నువ్వంటే ప్రేమ లేక కాదే, ఇవ్వడానికి చేతులు రాలేదు అంది. నీకు తెలుసనుకున్నాను అని కూడా అంది.

సెప్టెంబర్ 14, ఆదివారం

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో డబ్బు లేదనుకున్నాను. పక్కగదిలో ఉంది.

నాన్న మీద కోపం వస్తుందేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. రావడం లేదు. బీరువా ముందు నిలబడి, తలుపు తీసి, మళ్ళీ వేసేసే మనిషే కనిపిస్తున్నాడు. ఆ మనిషి నాకు బాగా తెలుసు.

సెప్టెంబర్ 18, గురువారం

పిట్ట బస్సెక్కింది. ఖర్చులకిచ్చిన దాంట్లో సగం నా చేతిలో పెట్టేసింది. మళ్ళీ ఇచ్చాను. తీసుకుంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

డ్యూటీ దిగాక పరుపుల షాపుకెళ్ళాను. నా పరుపు మధ్యలో గుంటపడి ఎన్నాళ్ళయిందో. పడుకుని చూడండి మేడమ్ అన్నాడు షాపతను. పడుకున్నాను. లేచేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి, నా మీద ఎవరో దుప్పటి కప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. అతను మాత్రం అలవాటే అన్నాడు.

ధర చెప్పి, నా వంక చూసి, తక్కువలో ఇంకోటుంది అన్నాడు. ఆ మొహం పెట్టి ఉంటాను. ఫర్వాలేదు, ఇదే పంపండి అన్నాను. నా డబ్బుతో నేను హాయిగా పడుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సెప్టెంబర్ 20, శనివారం

పిట్ట వచ్చేసింది. నల్లబడింది, గొంతు పోయింది. తువ్వాలు, ఒక చెప్పు పోగొట్టుకొచ్చింది. ఆ సంగతి చెప్పి నన్నే చూస్తూ నిలబడింది.

ఏంటే అలా చూస్తున్నావన్నాను. నీ మొహం అంది.

ఎలా ఉందన్నాను.

కొంచెం నయం అంది.

అక్టోబర్ 12, ఆదివారం

పిట్టకి డ్రమ్స్ కావాలట. వద్దన్నాను. డబ్బుంది. గోడలు పలచన, కింద ఇంటావిడకి బీపీ. ఊహ తెలిశాక నన్ను ఒకటి కావాలని అడగడం ఇదే మొదలు. గంటనుంచి వాదిస్తోంది. నేనిలా గదిలోకొచ్చి రాసుకుంటుంటే తలుపు బాదుతోంది, రెండు చేతులతో. తాళం తప్పడం లేదు.